కప్ప చర్మం నుంచి ఐసీయూ దాకా: యాంటీమైక్రోబియల్ పెప్టైడ్‌లపై ఆశ ఎంత, అడ్డంకి ఎక్కడ?

కొన్నాళ్లకోసారి ఇలాంటి వార్త ఒకటి వస్తూనే ఉంటుంది. కప్ప చర్మంలో దొరికిన పదార్థం సూపర్‌బగ్‌లను, అంటే మందులకు లొంగని బాక్టీరియాను, చంపేసిందని ఒకసారి, కొమోడో డ్రాగన్ రక్తంలో కొత్త యాంటీబయాటిక్ దొరికిందని ఇంకోసారి. 2024లో అయితే ఏనాడో అంతరించిపోయిన మామత్ ఏనుగుల జన్యువులను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి తీసిన అణువులు ఎలుకల్లో ఇన్ఫెక్షన్‌ను తగ్గించాయని చదివాం. జంతువు మారుతుంది గానీ లోపలున్న సరుకు మాత్రం ఒకటే జాతి: యాంటీమైక్రోబియల్ పెప్టైడ్‌లు, అంటే బాక్టీరియాను చంపే పొట్టి ప్రోటీన్ ముక్కలు. చదివినవాళ్లకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది. ఇన్ని దొరుకుతుంటే మందుల షాపులో ఒక్కటీ కనిపించదేం?

నిజానికి ఉంది. ఐసీయూలో పని చేసే ఏ డాక్టర్‌ని అడిగినా పేరు చెబుతారు: కొలిస్టిన్. అది కూడా పెప్టైడే. దాదాపు అరవై ఏళ్లుగా వాడుకలో ఉంది. కొత్త పెప్టైడ్‌ల గురించి మనం అడగాల్సిన ప్రశ్నలన్నీ, అంటే పనిచేస్తుందా, మనిషికి హాని చేస్తుందా, బాక్టీరియా దాన్ని ఎన్నాళ్లకు తప్పించుకుంటుంది అన్నవన్నీ, ఈ పాత మందు చరిత్రలో ఇప్పటికే ఉన్నాయి. అందుకే ఈ వ్యాసంలో కొలిస్టిన్ గురించి ఎక్కువగా మాట్లాడుకుంటాం.

## సమస్య ఎంత పెద్దది: రెండు అంకెల గొడవ

మందులకు లొంగని బాక్టీరియా వల్ల ఏటా ఎంతమంది చనిపోతున్నారని వెతికితే రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తాయి. 2019 సంవత్సరానికి ఒక చోట 12.7 లక్షలని, మరో చోట 49.5 లక్షలని ఉంటుంది. రెండూ ఒకే అంతర్జాతీయ అధ్యయనంలోవే, రెండూ సరైనవే. తేడా లెక్కగట్టే పద్ధతిలో ఉంది.

వెంటిలేటర్ మీద ఉన్న రోగికి మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా సోకి, అతను చనిపోయాడనుకుందాం. అదే క్లెబ్సియెల్లా మామూలు మందుకు లొంగే రకమై ఉంటే బతికేవాడా? బతికేవాడు అనిపిస్తే ఆ మరణం మొదటి లెక్కలోకి వస్తుంది. ఎలాగూ కష్టమే అనిపించినా, మొండి ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి రెండో లెక్కలోకి వస్తుంది. ఇదే అధ్యయనం ప్రకారం భారత్‌లో మొదటి లెక్క దాదాపు 3 లక్షలు, రెండోది 10 లక్షల పైచిలుకు. వార్తల్లో భయపెట్టాలనుకున్నవాళ్లు పెద్ద అంకెను ఎత్తుకుంటారు, అంతే.

## పెప్టైడ్ అంటే ఏమిటి?

అమైనో ఆమ్లాలు వరసగా కలిస్తే ప్రోటీన్. ఆ వరస పొట్టిగా ఉంటే పెప్టైడ్. మనకు బాగా తెలిసిన ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల పెప్టైడ్. బాక్టీరియాను చంపే పెప్టైడ్‌లలో ఎక్కువ భాగం ఇంకా చిన్నవి, సుమారు 10 నుంచి 50 అమైనో ఆమ్లాలు.

ఇవి వింత జంతువుల సొత్తేమీ కాదు. మన చెమటలో ఉన్నాయి, పేగుల గోడల్లో ఉన్నాయి, తెల్ల రక్తకణాల్లో ఉన్నాయి. మనిషి శరీరంలో తయారయ్యే ఎల్ఎల్-37 అనే పెప్టైడ్‌లో 37 అమైనో ఆమ్లాలుంటాయి, పేరులో అంకె అదే. బాక్టీరియా కూడా పక్కనున్న బాక్టీరియాను చంపడానికి వీటిని తయారుచేస్తుంది. పాలను పులియబెట్టే ఒక బాక్టీరియా చేసే నైసిన్‌ను ఛీజ్ లాంటి ఆహార పదార్థాలు చెడిపోకుండా ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. ఇప్పటిదాకా ప్రకృతిలో గుర్తించినవి మూడు వేలకు పైనే.

ఈ కథలో హైదరాబాద్‌కూ ఒక పేజీ ఉంది. ఎద్దు వీర్యద్రవంలో బాక్టీరియాను అడ్డుకునే సెమినల్‌ప్లాస్మిన్ అనే పదార్థం ఉందని పుష్ప మిత్ర భార్గవ, ఆయన సహచరుడు 1979లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి భార్గవ వ్యవస్థాపకులు. తర్వాత సీసీఎంబీలోనే ఆర్. నాగరాజ్ బృందం 47 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో ఏ ముక్క వల్ల ఆ శక్తి వస్తోందో విడదీసి చూసింది. కప్ప చర్మం వార్త ప్రపంచమంతా పాకింది 1987లో. అంటే మనవాళ్లు దానికి ఎనిమిదేళ్ల ముందే ఈ బాటలో ఉన్నారు. ఇప్పుడైతే దానికి ఎలాంటి హెడ్డింగ్ పెట్టేవారో ఊహించుకోవచ్చు.

## కప్ప చెరువులో ఉన్నా పుండు ఎందుకు చీము పట్టలేదు?

1987 సంగతి చెప్పుకోకుండా ముందుకెళ్లలేం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్పలకు ఆపరేషన్ చేసి, కుట్లు వేసి, తిరిగి తొట్టిలో వదిలేవాడు. ఆ నీళ్లు ఏమంత శుభ్రమైనవి కావు. అయినా పుండ్లు చీము పట్టకుండా చక్కగా మానిపోతుండేవి. ఎందుకని వెతికితే వాటి చర్మంలో రెండు పెప్టైడ్‌లు దొరికాయి. ఒక్కోదానిలో 23 అమైనో ఆమ్లాలు. వాటికి మగైనిన్‌లని పేరు పెట్టాడు.

ఇవి బాక్టీరియానే ఎందుకు చంపుతాయి, మన కణాలను ఎందుకు వదిలేస్తాయి? కీలకం విద్యుదావేశంలో ఉంది. బాక్టీరియా పైపొర మీద రుణావేశం ఎక్కువ. మన కణాల పైపొర బయటివైపు దాదాపు తటస్థంగా ఉంటుంది, పైగా కొలెస్ట్రాల్ దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఈ పెప్టైడ్‌లలో లైసిన్, ఆర్జినిన్ లాంటి ధనావేశపు అమైనో ఆమ్లాలు ఎక్కువ కాబట్టి రుణావేశం ఉన్న బాక్టీరియా వైపే లాక్కుపోతాయి. అంటుకున్నాక మెలిక తిరుగుతాయి. ఆ మెలికకు ఒక పక్క నీటిని ఇష్టపడే భాగం, ఇంకో పక్క కొవ్వును ఇష్టపడే భాగం. కొవ్వును ఇష్టపడే పక్క పొరలోకి దిగబడుతుంది. సబ్బు జిడ్డులోకి దూరి దాన్ని విడగొట్టినట్టే, తగినన్ని పెప్టైడ్‌లు చేరేసరికి పొర చిల్లులు పడుతుంది, లేదా ముక్కలవుతుంది. లోపలి సరుకంతా బయటికి కారిపోయి బాక్టీరియా నిమిషాల్లో చస్తుంది.

మామూలు యాంటీబయాటిక్ చాలాసార్లు ఒకే ఒక ఎంజైమ్‌నో, ఒకే ప్రోటీన్‌నో పట్టుకుంటుంది. జన్యువులో ఒక్క అక్షరం మారినా బాక్టీరియా తప్పించుకోగలదు. పొర మొత్తాన్ని మార్చుకోవడం అంత తేలిక కాదు కదా అన్నది పెప్టైడ్‌ల మీద ఆశకు అసలు కారణం. అయితే అన్ని పెప్టైడ్‌లూ పొరనే కొట్టవు. తేనెటీగల్లో దొరికే కొన్ని పెప్టైడ్‌లు పొరకు చిల్లు పెట్టకుండా లోపలికి దూరి, ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్‌ను ఆపేస్తాయి.

## గాజు పళ్లెంలో హీరో, రక్తంలో జీరో

వార్తల్లో 'చంపేసింది' అని రాసినప్పుడు చాలాసార్లు అది ల్యాబ్ పళ్లెంలో జరిగిన సంగతి. దాన్ని రక్తంలోకి తెచ్చేసరికి ఏమవుతుందో ఒక లెక్కతో చూద్దాం. ఈ అంకెలు ఏ మందువీ కావు, అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

ఒక పెప్టైడ్ ల్యాబ్ ద్రావణంలో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటే బాక్టీరియా పెరగకుండా ఆపుతోంది. అదే పెప్టైడ్ లీటరుకు 100 మిల్లీగ్రాములైతే మన ఎర్ర రక్తకణాలను పగలగొడుతోంది. మధ్యలో 25 రెట్ల ఎడం ఉంది, బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ రక్తంలో ఉప్పు ఉంది. సోడియం, కాల్షియం లాంటి ధనావేశపు అయాన్లు బాక్టీరియా పైపొరకు ముందే అంటుకుని పెప్టైడ్‌కు పోటీ వస్తాయి. సీరమ్‌లోని ప్రోటీన్లు పెప్టైడ్‌ను తమకు అతికించుకుంటాయి. దాంతో బాక్టీరియాను ఆపడానికి 4 చాలక 32 కావాల్సి వచ్చింది అనుకోండి. ఎడం మూడు రెట్లకు పడిపోయింది. ఇంకోపక్క రక్తంలోని ఎంజైమ్‌లు పెప్టైడ్‌ను కోసేస్తూ ఉంటాయి కాబట్టి గంటగంటకూ డోసు పెంచాలి. మూడు రెట్ల ఎడంలో అది కుదరని పని.

నోటి ద్వారా ఇవ్వడమూ కష్టమే. ఇన్సులిన్‌ను ఏ కారణం చేత సూది ద్వారా ఇస్తామో ఇక్కడా అదే: కడుపులోకి వెళ్తే ఆహారంలోని ప్రోటీన్‌లాగా అరిగిపోతుంది. తయారీలో ఇంకో తిరకాసు ఉంది. ఇన్సులిన్‌ను బాక్టీరియా చేతనే చవకగా చేయించుకోవచ్చు. బాక్టీరియాను చంపే పదార్థాన్ని బాక్టీరియా చేత చేయించాలంటే, అది పూర్తయ్యేదాకా దాన్ని నిర్వీర్యంగా ఉంచే ఏర్పాటేదో చేయాలి. లేదంటే ఒక్కో అమైనో ఆమ్లాన్నీ రసాయనికంగా అతికించుకుంటూ పోవాలి, దానికి ఖర్చు ఎక్కువ.

## గట్టెక్కని పెక్సిగనాన్, చోటు తెలుసుకుని గెలిచిన డాప్టోమైసిన్

మగైనిన్‌నే కొంచెం మార్చి పెక్సిగనాన్ అనే క్రీమ్ చేశారు. డయాబెటిస్ ఉన్నవాళ్ల కాలి పుండ్లకు పూయడానికి. క్రీమ్ కాబట్టి రక్తంలోని ఇబ్బందులన్నీ తప్పుతాయి, ఆలోచన మంచిదే. రెండు ట్రయల్స్‌లో 835 మందిపై దీన్ని ఓఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలతో పోల్చి చూశారు. రెండు వైపులా దాదాపు 85 నుంచి 90 శాతం మందికి నయమవడమో, తగ్గుముఖం పట్టడమో జరిగింది.

ఇక్కడ రెండు వాదనలున్నాయి. పెప్టైడ్‌ల వైపు వాళ్లు అంటారు: మాత్ర వాడిన కొందరిలో ఆ మాత్రకు లొంగని బాక్టీరియా పుట్టుకొచ్చింది, క్రీమ్‌తో అలాంటిది చెప్పుకోదగ్గంత జరగలేదు, అదే పెద్ద లాభం కాదా? అవతలివాళ్లు అంటారు: కాలి పుండును శుభ్రం చేసి, కట్టుకట్టి, కాలి మీద బరువు పడకుండా చూస్తేనే సగం తగ్గుతుంది, అందులో క్రీమ్ వాటా ఎంతో తేలలేదు. 1999లో మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు. ఆ తర్వాత మందు లేని క్రీమ్‌తో పోల్చిన ట్రయల్స్ కూడా 2016లో విఫలమయ్యాయి. రెండోవాళ్ల వాదనే సరైందని ఆ ఫలితాలు చెప్పకనే చెప్పాయి.

డాప్టోమైసిన్ కథ వేరు. కొవ్వు తోక తగిలించి ఉన్న ఈ పెప్టైడ్‌ను మొదట ఎలై లిల్లీ కంపెనీ పరీక్షించింది. ఎక్కువ డోసు రోజుకు రెండుసార్లు ఇస్తే కండరాలు దెబ్బతింటున్నాయని పక్కన పెట్టేసింది. క్యూబిస్ట్ అనే మరో కంపెనీ దాన్ని తీసుకుని రోజుకు ఒక్కసారే ఇచ్చి చూసింది. రెండు డోసుల మధ్య కండరం కోలుకోవడానికి సమయం దొరికింది. 2003లో అనుమతి వచ్చింది. మొండి స్టాఫిలోకాకస్ ఇన్ఫెక్షన్లకు ఇప్పటికీ వాడుతున్నారు.

అదే మందు న్యుమోనియాలో మాత్రం ఓడిపోయింది. ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఒకదానికొకటి అంటుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర ఉంటుంది. అందులో బాక్టీరియా పొరలో ఉండేలాంటి రుణావేశపు కొవ్వు ఉంది. డాప్టోమైసిన్ దాన్నే బాక్టీరియా అనుకుని అతుక్కుపోతుంది, అసలు శత్రువు దాకా చేరదు. ఏ గుణం వల్ల మందు అయిందో, ఆ గుణం వల్లే ఊపిరితిత్తుల్లో పనికిరాకుండా పోయింది.

## కొలిస్టిన్: పక్కన పెట్టి మళ్లీ తెచ్చుకున్న మందు

కొలిస్టిన్‌ను 1940ల చివర్లో జపాన్‌లో ఒక మట్టి బాక్టీరియా నుంచి వేరుచేశారు. వలయంలా చుట్టుకుని ఉండటం, మామూలు ప్రోటీన్లలో కనిపించని అమైనో ఆమ్లం ఒకటి ఉండటం వల్ల దీన్ని ఎంజైమ్‌లు అంత తేలిగ్గా కోయలేవు. 'జంతువుల రోగనిరోధక పెప్టైడ్‌లతో దీన్ని కలపకూడదు, ఇది బాక్టీరియా చేసే యాంటీబయాటిక్' అని వాదించే శాస్త్రవేత్తలున్నారు. వర్గీకరణ పరంగా అది సబబే. బాక్టీరియాను చంపే తీరు మాత్రం అదే: ధనావేశంతో అంటుకోవడం, కొవ్వు తోకతో పొరను చీల్చడం.

కిడ్నీలు, నరాలు దెబ్బతింటున్నాయని 1970ల నాటికి డాక్టర్లు దీన్ని దాదాపు మర్చిపోయారు. ఆ తర్వాత కార్బపెనెమ్ లాంటి పెద్ద మందులకు కూడా క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి ఆసుపత్రి బాక్టీరియా లొంగని పరిస్థితి వచ్చింది. ఇంకేమీ మిగల్లేదు గనక పాతదాన్ని దుమ్ము దులిపి తెచ్చుకున్నారు.

దీని డోసే ఒక పెద్ద గందరగోళం. సీసాలో ఉండేది నేరుగా కొలిస్టిన్ కాదు, కొలిస్టిమెథేట్. అది ఒంట్లోకి వెళ్లాక నెమ్మదిగా కొలిస్టిన్‌గా మారుతుంది. 10 లక్షల యూనిట్లు అంటే 80 మిల్లీగ్రాముల కొలిస్టిమెథేట్, అంటే సుమారు 33 మిల్లీగ్రాముల కొలిస్టిన్. మొదటి డోసుగా 90 లక్షల యూనిట్లు ఇవ్వాలంటే అది కొలిస్టిమెథేట్ లెక్కలో 720 మిల్లీగ్రాములు, కొలిస్టిన్ లెక్కలో దాదాపు 300. యూరప్ యూనిట్లలో రాస్తుంది, అమెరికా కొలిస్టిన్ లెక్కలో రాస్తుంది. అమెరికా పద్ధతిలో రాసిన '300' చూసి ఎవరైనా 300 మిల్లీగ్రాముల కొలిస్టిమెథేట్ ఇస్తే రోగికి అందేది 37.5 లక్షల యూనిట్లే, సగం కూడా కాదు. తిరగేసి పొరబడితే 2.4 రెట్లు ఎక్కువ పడుతుంది.

ఎక్కువ పడితే ఏమవుతుంది? రక్తంలో లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉండేలా చూడాలని నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. అది దాటితే కిడ్నీకి ముప్పు పెరుగుతుంది. చిక్కేమిటంటే, చాలా బాక్టీరియాను ఆపడానికి కావాల్సిన మోతాదు కూడా ఆ 2కి అటూ ఇటూగానే ఉంటుంది. ఇందాక ఊహించుకున్న మూడు రెట్ల ఎడం కూడా ఇక్కడ లేదు.

ఐసీయూ బయట కూర్చున్న బంధువుల చేతికి కల్చర్ రిపోర్ట్, అంటే రోగిలో ఏ బాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే కాగితం, వచ్చినప్పుడు అర్థం కాని విషయం ఒకటి ఇక్కడే ఉంది. రిపోర్ట్‌లో ఒక్కో మందు ఎదురుగా ఎస్, ఐ, ఆర్ అని ఉంటుంది. ఎస్ అంటే పనిచేస్తుందని, ఆర్ అంటే చేయదని, ఐ అంటే రెండిటికీ మధ్యస్థమని. కొలిస్టిన్ ఎదురుగా మాత్రం 'ఐ' గానీ 'ఆర్' గానీ ఉంటుంది, క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి బాక్టీరియా విషయంలో 'ఎస్' ఉండదు. ల్యాబ్ తప్పు కాదది. మన దేశంలో చాలా ల్యాబ్‌లు పాటించే సీఎల్ఎస్ఐ అనే అమెరికా సంస్థ ప్రమాణాల్లో 2020లో కొలిస్టిన్‌కు 'ఎస్' వర్గాన్నే తీసేశారు. సరైన మోతాదు ఇచ్చినా కచ్చితంగా పనిచేస్తుందని చెప్పలేమన్నది కారణం. అలాగని 'ఐ' చూసి మందు దండగ అనుకోనక్కర్లేదు, ఉన్నంతలో అంతకన్నా మంచి మాట ఆ కాగితం మీద రాదు. ఇప్పుడు సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ లాంటి కొత్త మందులు అందుబాటులో ఉన్న చోట కొలిస్టిన్‌ను వెనక్కి నెట్టమనే నిపుణులు చెబుతున్నారు. వాటి ధర చూస్తే అందరికీ ఆ అవకాశం ఉండదని వేరే చెప్పక్కర్లేదు.

## దాణాలోంచి వచ్చిన జన్యువు

2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఎంసీఆర్-1 అనే జన్యువును బయటపెట్టారు. ఇది చేసే పని చిన్నది: బాక్టీరియా పైపొరకు ఒక రసాయన గుంపును తగిలించి అక్కడి రుణావేశాన్ని తగ్గిస్తుంది. అంతే, కొలిస్టిన్‌కు అంటుకోవడానికి పట్టు దొరకదు. పొరను మార్చుకోవడం కష్టమన్న ఆశకు అది పెద్ద దెబ్బ. పైగా ఈ జన్యువు ప్లాస్మిడ్ మీద, అంటే ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారే డీఎన్ఏ వలయం మీద ఉంది. వాళ్లు పరీక్షించిన జంతువుల్లో 21 శాతం, పచ్చి మాంసం నమూనాల్లో 15 శాతం, ఆసుపత్రి రోగుల్లో 1 శాతం దగ్గర ఇది దొరికింది. ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వచ్చిందో ఆ అంకెలే చెబుతున్నాయి. పందులు, కోళ్లు త్వరగా బరువు పెరగాలని దాణాలో కొలిస్టిన్ కలపడం అప్పట్లో అక్కడ మామూలు.

ఇక్కడా కలిపేవారు. 2019 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణాకు కొలిస్టిన్ అమ్మకాన్ని నిషేధించింది. కోళ్ల ఫారాలు, రొయ్యల చెరువులు ఇంతగా ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఇది నేరుగా తగిలే నిర్ణయం. అయితే తప్పంతా దాణా మీదకు నెట్టేయడమూ సరికాదు. భారత ఆసుపత్రుల్లో కొలిస్టిన్‌కు లొంగని క్లెబ్సియెల్లాలో ఎక్కువగా కనిపించేది ఎంసీఆర్ కాదు, ఆ బాక్టీరియా సొంత క్రోమోజోమ్‌లో వచ్చిన మార్పులు. అవి ఆసుపత్రిలో ఈ మందు వాడకం ఒత్తిడికి పుట్టేవి. చైనాలో మేతలో నిషేధించాక మనుషుల పేగుల్లో ఎంసీఆర్-1 2016లో 14.3 శాతం నుంచి 2019లో 6.3 శాతానికి తగ్గింది. దాణా వైపు తలుపు మూస్తే ఫలితం ఉంటుంది, ఆసుపత్రి వైపు తలుపు అలాగే తెరిచి ఉంటుంది.

## మన సొంత ఆయుధాన్నే శత్రువుకు నేర్పిస్తున్నామా?

ఈ రంగంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన తగాదా ఇది. పెప్టైడ్‌లకు నిరోధకత పుట్టడం చాలా అరుదని 2002లో జాస్లాఫ్ రాశాడు. కోట్ల ఏళ్లుగా జంతువులు వాడుతున్నా ఇవి ఇంకా పనిచేస్తున్నాయి కదా అన్నది ఆయన తర్కం. పరిణామ శాస్త్రవేత్త గ్రాహం బెల్ ఒప్పుకోలేదు. మందుగా వాడి ఒత్తిడి పెడితే నిరోధకత వస్తుంది, వచ్చాక ఆ బాక్టీరియా మన శరీరంలోని పెప్టైడ్‌లకు కూడా లొంగదు, అది మామూలు యాంటీబయాటిక్ నిరోధకత కన్నా ప్రమాదం అన్నాడు. ఇద్దరూ మాటలతో ఆగలేదు, కలిసి ప్రయోగం చేశారు. పెక్సిగనాన్ మోతాదు మెల్లగా పెంచుతూ పోతే 600 నుంచి 700 తరాల్లో బాక్టీరియా దానికి అలవాటు పడింది. తన అంచనాకు ఎదురు వచ్చిన ఆ ఫలితం మీద జాస్లాఫ్ కూడా 2006లో రచయితగా సంతకం పెట్టాడు. సైన్సులో ఇలాంటి పెద్దమనిషి తరహా రోజూ కనిపించదు.

2023లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఎంసీఆర్-1 ఉన్న ఈ.కోలై అనే పేగు బాక్టీరియాను మనుషుల, జంతువుల పెప్టైడ్‌లతో పరీక్షించింది. అవి సగటున 62 శాతం ఎక్కువ తట్టుకున్నాయి. బెల్ భయానికి అది బలం. అవతలి పక్కనా ఆధారాలున్నాయి. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా చాలాసార్లు పెప్టైడ్‌లకు మరింత తేలిగ్గా లొంగుతుందని హంగరీ శాస్త్రవేత్తలు 2018లో చూపించారు. ఒక మందును తప్పించుకోవడానికి పొరలో చేసుకున్న మార్పే ఇంకోదానికి దారి ఇస్తోంది. నాకు తోచింది ఇది: రెండూ నిజమే, ఏ పెప్టైడ్ అన్నదాన్ని బట్టి మారుతుంది. మన ఒంట్లో ఉన్నవాటిని పోలినదైతే బెల్ హెచ్చరికను గట్టిగా పట్టించుకోవాలి. పోలిక లేనిదైతే అంత టెన్షన్ పడక్కర్లేదు.

## కొత్త తరం ఎటు వెళ్తోంది?

అందుకే ఇప్పుడు చాలామంది పొరను గుడ్డిగా చీల్చే పెప్టైడ్‌లను వదిలి, బాక్టీరియాలో మాత్రమే ఉండే ఒక యంత్రాన్ని పట్టుకునేవాటి వైపు వెళ్తున్నారు. కెనడాలో ఒక ఇంటి పెరటి మట్టిలోంచి దొరికి 2025లో వెలుగు చూసిన లారియోసిడిన్ ముడి వేసుకున్న పెప్టైడ్, అది రైబోజోమ్‌ను ఆపుతుంది. మురెపావాడిన్ ఒక రకం సూడోమొనాస్ బాక్టీరియాను మాత్రమే కొడుతుంది. ఆశలు పెంచింది కానీ 2019లో మూడో దశ ట్రయల్స్‌లో కిడ్నీ సమస్యలు ఎక్కువ కనిపించడంతో సూది రూపంలో ఆపేశారు. మళ్లీ కిడ్నీయే.

ప్రస్తుతం అందరి కళ్లూ రోష్ కంపెనీ జోసురాబాల్పిన్ మీద ఉన్నాయి. వలయాకారపు పెప్టైడ్ నుంచి మెరుగులు దిద్దిన అణువు ఇది. అసినెటోబాక్టర్ తన బయటి పొరకు కావాల్సిన కొవ్వు-చక్కెర అణువులను లోపలినుంచి మోసుకెళ్లే యంత్రాన్ని పట్టి ఆపేస్తుంది. వివరాలు 2024 జనవరిలో 'నేచర్‌'లో వచ్చాయి. మూడో దశ ట్రయల్స్‌కు తీసుకెళ్తున్నట్టు కంపెనీ 2025లో ప్రకటించింది.

ఇది గెలిచినా పని చేసేది ఒక్క అసినెటోబాక్టర్ మీదే. వెంటిలేటర్ మీద జ్వరం మొదలైన రోగికి ఏ బాక్టీరియా సోకిందో కల్చర్‌లో తేలడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. అంతసేపు డాక్టర్ చేతులు కట్టుకుని కూర్చోలేరు, అన్నిటినీ కొట్టే మందు మొదలుపెట్టేస్తారు. కాబట్టి ఇలాంటి ఇరుకు మందు నిలబడాలంటే, బాక్టీరియా పేరు గంటల్లో చెప్పే టెస్ట్ ఆ ఐసీయూలోనే ఉండాలి. అలాంటి మెషీన్లు ఉన్నాయి, పెద్ద నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లో వాడుతున్నారు కూడా. ఒక్కో టెస్ట్ కిట్ ఖరీదు వేలల్లో ఉంటుంది, జిల్లా ఆసుపత్రిలో ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది మందు ధర కన్నా ముందు తేలాల్సిన లెక్క.